అయిదో పీపా

ఇన్‌స్పెక్టరు గేటు తీసుకుని లోపలికి వచ్చేసరికి పీపాల పిన్ని చేపల తలలు నరుకుతోంది. పెరట్లో రేకుల పందిరి కింద, మోకాలెత్తు చెక్కమొద్దు ముందు పీట వేసుకుని కూర్చుంది. ఎడమచేత్తో తలకాయ పట్టుకోవడం, కుడిచేత్తో కత్తి దించడం, ముక్కల్ని ముంజేత్తో పక్కనున్న తొట్టిలోకి నెట్టడం అంతా ఒక్క ఊపులో జరిగిపోతోంది. ఆ పొద్దున రేవు నుంచి రెండు తొట్లు వచ్చాయి. తలలు, తోకలు, పేగులు, పొలుసులు. రేవులో చేపలు కోసేవాళ్ళు ఏది పారేస్తే అది ఆవిడకి సరుకు. ఒకప్పుడు ఆవిడా అక్కడ కూర్చుని కోసి పారేసినదే. ఇరవై ఏళ్ళు పారేసి, ఆ తర్వాత ఏరుకోవడం మొదలుపెట్టింది.

“ఈ ఇంటి మీద ఫిర్యాదు ఉందమ్మా. దుర్వాసన అని,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. యాభై దాటిన మనిషి. చంకలో ఫైలు, జేబులో రెండు పెన్నులు.

పిన్ని కత్తి ఆపలేదు. “ఎవరు పెట్టారని అడగను లెండి సారూ. పక్కింటి మాస్టారు అరుగు మీద కూర్చుని రాస్తుంటే గోడ మీంచి చూశాను. రెండు రోజులు రాశారు. ఒకరోజు చిత్తు, ఒకరోజు సాపు.”

లోపల్నుంచి ఆడపడుచు కుర్చీ తెచ్చి వేసింది. పిన్ని మొగుడు పడవ మీద పోతే పది పదిహేను రోజులదాకా రాడు. ఇంట్లో వదినా మరదళ్ళిద్దరే. పీపాల సంగతి వదినది, మాటల సంగతి మరదలిది. రైతులతో బేరాలు, ఫోన్లు, వాయిదాలు, దెబ్బలాటలు అన్నీ ఆడపడుచు చూసుకుంటుంది.

“మాది కంపు కాదు సారూ, ఎరువు,” అంది. “కూరగాయల రైతుల సంఘానికి వచ్చే వారం నలభై క్యాన్లు ఇవ్వాలి. ఇవాళ మీరు పీపాలకి సీలు వేశారంటే వాళ్ళ నారుమళ్ళు ఎండుతాయి, ఆ పాపం...”

“నన్ను చూడనివ్వండమ్మా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పిన్ని చేతులు కడుక్కుని లేచింది. వెనక గోడ వారన అయిదు నీలం పీపాలు వరసగా ఉన్నాయి. ప్రతి పీపా మూతలోంచి సన్నటి గొట్టం బయటికి వచ్చి, పక్కనే నీళ్ళు పోసి పెట్టిన సీసాలో మునిగి ఉంది. లోపల గాలి పుట్టినప్పుడల్లా సీసాలో నీళ్ళు బుడబుడమంటాయి. ఆ చప్పుడు లేకపోతే పిన్నికి మధ్యాహ్నం కునుకు పట్టదు.

“నరికిన ముక్కలు మూడు పాళ్ళు, చెరకు మడ్డి ఒక పాలు,” అంటూ మొదటి పీపా మూత తీసింది. “చక్కెర మిల్లులో మిగులుతుంది చూడండి, నల్లగా, జిగటగా, అది. దాని మీద సముద్రం నాచు ఒక వరస. ఇలా పొరలు పొరలుగా నింపి మూతపెట్టాలి. పొద్దునొకసారి కర్రతో కలపాలి. నెల తిరిగేసరికి ముల్లు కూడా కరిగిపోతుంది. వడకట్టి, బకెట్టు నీళ్ళకి ఓ గ్లాసు కలిపి మొక్క మొదట్లో పొయ్యాలి. అంతే.”

ఇన్‌స్పెక్టరు పీపా మీదికి వంగాడు. గట్టిగా ఊపిరి పీల్చాడు. లేచి, పిన్ని మొహంలోకి ఓసారి చూసి ఫైల్లో ఏదో రాసుకున్నాడు. రెండో పీపా దగ్గరా అంతే. వంగడం, పీల్చడం, లేచి పిన్ని మొహం చూడడం, రాసుకోవడం. మర్యాద తెలిసిన మనిషి అనుకుంది పిన్ని. మూడు, నాలుగు కూడా అయ్యాయి. వాటిల్లోంచి పుల్లటి వాసన వస్తోంది, కల్లుకుండలోంచి వచ్చినట్టు. దానికి ఆవిడ భయపడలేదు.

అయిదో పీపా సంగతి వేరు. నెలరోజుల కిందట ఆ పీపా నింపేనాటికి మడ్డి అడుగంటింది. కొత్త క్యాను రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. ముక్కలేమో అప్పటికే మెత్తబడుతున్నాయి. ఉన్న మడ్డే పోసేసి “చాల్లే” అనుకుని మూతపెట్టింది. చాలలేదు. దానికి తోడు మూత సందులోంచి వాననీళ్ళు దిగాయి. పది రోజుల నుంచి ఆ పీపా పులవడం మానేసి కుళ్ళడం మొదలుపెట్టింది. మూత మీద తడి గోనె పరిచి, గోనె మీద రాయి పెట్టింది కానీ, అది గోనెకీ రాయికీ లొంగే వ్యవహారం కాదు.

ఇన్‌స్పెక్టరు రాయి దించాడు. లోపల ఫోను మోగిందంటూ ఆడపడుచు ఇంట్లోకి పరుగెత్తింది. ఫోను మోగలేదు. గోనె తీసి, మూత ఎత్తాడు. ఈగలు గుంపుగా లేచాయి. పందిరి కొస మీద కూర్చున్న కాకి కూడా ఎగిరి పక్కింటి మీదికి మారింది.

పిన్ని కదలకుండా నిలబడింది. ఇరవై ఏళ్ళు రేవులో బల్ల ముందు కూర్చున్న మొహం అది. అక్కడ కోసేవాళ్ళు ముక్కు చిట్లించారంటే, కొనడానికి వచ్చినవాడు “ఏం, చేప పాతదా?” అంటాడు. కడుపులో దేవేస్తున్నా మొహం మీద గీత కదలకూడదన్నది అక్కడ మొట్టమొదట నేర్చుకునే విద్య. ఆ విద్య ఆవిడ ఒంట్లో ఇంకిపోయింది.

ఇన్‌స్పెక్టరు వంగాడు. తల మెడదాకా లోపలికి పెట్టాడు. గుండె నిండా పీల్చాడు. తాపీగా లేచి ఆవిడ మొహంలోకి చూశాడు. అక్కడేమీ కనబడలేదు. పెన్ను తీసి రాశాడు.

“ఏం లేదమ్మా. చెప్పుకోదగ్గ వాసనేమీ లేదు. కాగితం ఎల్లుండి వస్తుంది,” అని మూత పెట్టి, గోనె పరిచి, రాయి కూడా జాగ్రత్తగా ఎత్తిపెట్టి వెళ్ళిపోయాడు.

ఆడపడుచు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చింది. “ఏం రాశాడు వదినా?”

“వాసన లేదట.”

“దేనికి?”

“అయిదింటికీ.”

ఆడపడుచు ముక్కున వేలేసుకుంది. ఆ వేలు మరి తీయలేదు, కంపు ఇంకా మూత సందులోంచి వస్తూనే ఉంది.

*

బుధవారం కాగితం రెండు ప్రతులుగా వచ్చింది. ఒకటి పిన్నికి, ఒకటి ఫిర్యాదు చేసిన మాస్టారికి. మాస్టారు అంటే బడి మాస్టారు కాదు, రిటైరైన స్టేషన్ మాస్టారు. ఇస్త్రీ చొక్కా వేసుకోకుండా గడప దాటడు. వీధిలో నలుగురినీ పోగేసి, ఎడమచేత్తో జేబురుమాలు ముక్కుకి అదుముకుని, కుడిచేత్తో కాగితం పట్టుకుని చదివాడు.

“సదరు స్థలమును కార్యాలయమువారు స్వయముగా పరిశీలించిరి. అయిదు పీపాలును తెరిపించి చూడగా దుర్వాసన ఏమియు లేదని తేలినది.”

ఒకావిడ పైటకొంగు తీయబోయి మళ్ళీ ముక్కుకే కప్పుకుంది. మాస్టారు కాగితాన్ని మరోసారి లోలోపల చదువుకున్నాడు. సంతకం చూశాడు, ముద్ర చూశాడు. తర్వాత జేబురుమాలు ముక్కు మీంచి తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

“ఇంకేముంది? లేదన్నమాట,” అన్నాడు.

“అదేంటి మాస్టారూ, ఇంత కంపు కొడుతుంటేనూ!” అన్నాడు ఎదురింటాయన.

“నేను నలభై ఏళ్ళు కాగితం చూసి బండి వదిలానయ్యా. కళ్ళతో చూసి ఒక్క బండీ వదల్లేదు. ఒక్క ప్రమాదమూ జరగలేదు,” అని మాస్టారు లోపలికి వెళ్ళిపోయాడు. నడకలో తేడా లేదు గానీ ఊపిరి మాత్రం బిగబట్టాడు.

ఆడపడుచుకి ఆనందం పట్టలేదు. కాగితానికి అద్దం కట్టించి గేటుకి తగిలిద్దామంది. “ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో వదినా! ఆయన ముక్కు చల్లగుండ!” అంది. ఆ మధ్యాహ్నం ఇద్దరూ నాచు కడగడానికి కూర్చున్నారు. పోటు తగ్గాక ఒడ్డున పడివున్న నాచుని తట్టల్లో తెచ్చి పోశారు. దాన్ని మూడు నీళ్ళు కడగాలి. మొదటి నీటికి ఇసుక దిగుతుంది, రెండో నీటికి చిన్న చిన్న గవ్వలు, పీతపిల్లలు. మూడో నీటి తర్వాత ఒక ఆకు తుంచి నాలిక కొసన పెట్టుకుని చూస్తుంది పిన్ని. ఉప్పు తగిలితే నాలుగో నీళ్ళు. ఉప్పు మిగిలితే మొక్క వేరు మాడిపోతుంది.

ఆకు నాలిక మీద ఉండగానే గోడ అవతల్నుంచి ఓకరింత వినబడింది. మాస్టారి కోడలు. నాలుగో నెల. వాంతి చేసుకోవడానికి పొట్టలో ఏమీ మిగిలినట్టు లేదు, చప్పుడే వస్తోంది.

“చదివి వినిపించాను కదమ్మా,” మాస్టారి గొంతు. “వాసన లేదని తేలింది.”

“నాకు వస్తోంది మావయ్యా.”

“వస్తోందని నువ్వనుకుంటున్నావు. ఈ టైములో ఆడవాళ్ళకి ఏవేవో అనిపిస్తాయి.”

“మీకు రావట్లేదూ?”

గోడ అవతల కాగితం మడత విప్పిన చప్పుడైంది.

“రాకూడదు,” అన్నాడు మాస్టారు.

కోడలు ఏడుపు మొదలుపెట్టింది. గట్టిగా కాదు, ముక్కు మూసుకుని ఏడిస్తే ఎలా ఉంటుందో అలా. మూడు రోజుల నుంచి ఇంత మెతుకు లోపల నిలవలేదని, తలుపులేసుకుంటే ఉక్క, తెరుచుకుంటే ఇదీ అని, ఇప్పుడు తనకి పిచ్చి కూడా అంటగడతారా అని ఒక్కో మాటే చెబుతోంది. సముద్రం గాలి తగిలితే కుదురుకుంటావని మాస్టారు కిటికీ తెరిచాడు. కిటికీ అయిదో పీపాకి ఎదురుగా ఉంది.

పిన్ని నాచుని తొట్టిలో పడేసి లేచింది. “ఎక్కడికి?” అని ఆడపడుచు అంటున్నా వినకుండా వెళ్ళి పక్కింటి గేటు కొట్టింది.

“మాస్టారూ, మీ కోడలుపిల్ల చెప్పేది నిజం. కంపు మా పీపాదే. అయిదోది చెడిపోయింది. తప్పు నాది, మడ్డి తక్కువ పోశాను.”

మాస్టారు ఆవిడ వంక జాలిగా చూశాడు. “నీది మంచి మనసమ్మా. మా పిల్ల బాధ చూడలేక నీ మీద వేసుకుంటున్నావు. కానీ ఆఫీసువాళ్ళు నీలో తప్పు లేదని రాసిచ్చాక నువ్వు కాదనడం ఏం పద్ధతి?”

“నా పీపా సంగతి నాకు తెలీదా?”

“తెలిస్తే వాళ్ళకి ఎందుకు తెలియలేదు?” అన్నాడు మాస్టారు.

పిన్ని ఇంటికి వచ్చి, పీపా ఖాళీ చేయించేద్దామనుకుంది. చెత్తబండివాళ్ళకి ఆడపడుచు చేత ఫోన్ చేయించింది. వాళ్ళు చిరునామా అడిగి, రిజిస్టరు తిరగేసి, “మీ ఇంట్లో వాసన లేదని ఉందండి. లేని వాసనకి బండి ఎలా పంపుతాం?” అన్నారు. రేవు నుంచి ఇద్దరు కూలీల్ని పిలిపించింది. చేపల మధ్య పుట్టి పెరిగినవాళ్ళు. మొదటివాడు మూత ఎత్తాడు. రెండోవాడు అప్పటికే గేటు దాటాడు. మొదటివాడు మూత తిరిగి పెట్టడం కూడా మర్చిపోయి వాడి వెనకే పోయాడు, ఒక చెప్పు ఇక్కడే వదిలేసి.

చివరికి కొంగు బిగించి తనే దిగింది పిన్ని. బకెట్టుతో రెండుసార్లు తోడింది. మూడోసారి వంగేసరికి కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. మొహం కదపకుండా ఉంచడం వేరు, లోపల పేగులు కదలకుండా ఉంచడం వేరు.

“ఇక కాగితం మార్పించాల్సిందే,” అంది, కాస్త తేరుకున్నాక.

“పిచ్చిగానీ పట్టిందా వదినా?” అంది ఆడపడుచు. “పులి తనంతట తను నోట్లోంచి వదిలేస్తే, మళ్ళీ వెళ్ళి తలకాయ పెడతావా? నలభై క్యాన్లు! సీలు వేస్తే నాలుగు మంచి పీపాలూ పోతాయి.”

“ఆ పిల్లకి పిచ్చి అంటున్నారే.”

“అంటే?”

“పిచ్చి కాదని నాకు తెలుసు. నీకు తెలుసు.”

ఆడపడుచు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. నోటితో పీల్చినా రుచి తెలుస్తోంది.

*

గురువారం పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది పిన్ని. ఫిర్యాదుల కిటికీ దగ్గర గుమస్తా ఫారం ఇచ్చాడు. నింపి ఇచ్చింది. గుమస్తా చదివాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివాడు.

“ఫిర్యాదుదారు పేరు, ఇంటి నంబరు అన్నచోట మీది రాశారు.”

“అవును.”

“ఎవరి మీద అన్నచోట కూడా మీదే రాశారు.”

“అవును. నా మీదే.”

“అలా కుదరదమ్మా.”

“కుదరదని ఎక్కడుంది?”

గుమస్తా రూళ్ళ పుస్తకం తీశాడు. ఒకసారి తీర్పు అయిన ఫిర్యాదుని అదే మనిషి ఆరునెలల దాకా మళ్ళీ పెట్టకూడదని ఉంది. “అదే మనిషి కాదుగా. అప్పుడు పెట్టింది మాస్టారు. ఇప్పుడు నేను,” అంది పిన్ని. గుమస్తా ఇంకో రెండు పేజీలు తిప్పాడు. తన మీద తాను ఫిర్యాదు చేసుకోకూడదని ఎక్కడా లేదు. చేసుకుంటారని రాసినవాడికి తోచి ఉండదు. పక్క బల్ల దగ్గరి మనిషిని పిలిచి చూపించాడు. ఆయన ఇంకొకాయనని పిలిచాడు. ముగ్గురూ కిటికీలోంచి ఆవిడని తేరిపార చూశారు.

“మీకేమైనా ఇంట్లో గొడవలా?” అని మెల్లిగా అడిగాడు మూడో ఆయన.

ఇంతలో లోపల్నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఫారం చేతికి తీసుకుని రెండు లైన్లు చదివేసరికి మొహం పాలిపోయింది. “నేను మాట్లాడతాను,” అని ఆవిడని వరండా చివరికి, పాత బీరువాల చాటుకి తీసుకెళ్ళాడు.

“ఎందుకమ్మా ఇలా చేశారు? వాసన లేదని రాసిచ్చాను కదా!”

“అందుకే వచ్చాను. ఆ పీపాలోకి తల పెట్టి పీల్చారు మీరు. కూలీలు చెప్పులొదిలి పారిపోయారు. మీకెలా తెలియలేదు?”

ఇన్‌స్పెక్టరు అటూ ఇటూ చూశాడు. బీరువా తలుపు గీరుతూ నిలబడ్డాడు. “నాకు ముక్కు పనిచేయదమ్మా,” అన్నాడు చివరికి.

“జలుబా?”

“రెండేళ్ళ కిందట జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. పొయ్యి మీద పాలు మాడినా తెలీదు. వాన రాబోతోందని అందరికీ మట్టివాసన చెబుతుంది. నాకు తడిశాకే తెలుస్తుంది. ఇంట్లో మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. నా ఉద్యోగమే వాసన చూడడం. చెబితే ఏ మూల గదిలోనో పాత ఫైళ్ళకి దారం కట్టే పని ఇస్తారు. ఊరంతా తిరిగే మనిషిని.”

“మరి రెండేళ్ళుగా?”

“మొహాలు చూసి నెట్టుకొస్తున్నాను.” ఆ మాట అనేటప్పుడు అతని గొంతులో కాస్త గర్వం కూడా తొంగిచూసింది. “పక్కనున్న మనిషి ముక్కుపుటాలు కదిలితే వాసన మామూలు. పైపెదవి లేస్తే మధ్యస్థం. మాట్లాడేవాడు మాట మధ్యలో ఆపేస్తే తీవ్రం. రెండేళ్ళలో ఒక్క రిపోర్టు తప్పు పోలేదు. మీ దగ్గరే పోయింది. మీ మొహంలో ఏమీ లేదమ్మా. రాతి బొమ్మకైనా అంతో ఇంతో ఉంటుంది.”

పిన్నికి సిగ్గుపడాలో, పొంగిపోవాలో తెలియలేదు. అంటే ఆ కాగితం ఇతను రాసింది కాదు. తన మొహం రాసింది.

“మీ తప్పు సగం, నా తప్పు సగం,” అంది. “కాగితం మార్చండి. సోమవారం గాలి అటు కొట్టింది, ఇవాళ ఇటు కొట్టింది అని రాసేయండి.”

“గాలి ఎటు కొట్టినా నాకు ఒకటేగదమ్మా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు దిగులుగా.

ఆ మాటకి పిన్ని అతని వంక కొత్తగా చూసింది. పై నుంచి కిందిదాకా, రేవులో కొత్తగా దిగిన సరుకుని చూసినట్టు. మనిషి పొడుగు, చేతులు గట్టివి. ఏ కంపు తగిలినా ఒకటే.

“శనివారం మీకు సెలవే కదా సారూ?” అంది.

*

శనివారం పొద్దున ఇన్‌స్పెక్టరు పాత లుంగీ సంచీలో పెట్టుకుని వచ్చాడు. కూరగాయల సంఘంలోని ఒక రైతు ఎడ్లబండి గేటు ముందు నిలిపాడు. చెడిన సరుకైనా ఫరవాలేదని, పొలం మూల బీడులో గాడి తవ్వించి ఉంచానని ముందే చెప్పాడు. “మీరు కంపు అంటారు, నేల మాత్రం అన్నమే అంటుంది,” అన్నాడు పిన్నితో. అయిదో పీపా మూత తీశాక ఆ ధైర్యం కొంత తగ్గి, ఎడ్లకి నీళ్ళు పట్టాలంటూ వీధి చివరికి వెళ్ళిపోయాడు.

వీధిలో కిటికీలు ఒకదాని తర్వాత ఒకటి టపటపా మూసుకున్నాయి. ఆడపడుచు డాబా ఎక్కి, మొహానికి తువ్వాలు చుట్టుకుని, అక్కడి నుంచి పనిచేయించడం మొదలుపెట్టింది. “క్యాన్ల అడుగున రంపపు పొట్టు వేశావా వదినా? ఎక్కువ వెయ్యి!”

ఇన్‌స్పెక్టరు లుంగీ ఎగగట్టి, చొక్కా చేతులు మడిచి, పీపా అంచున పొట్ట ఆనించి వంగి తోడసాగాడు. పైన నల్లటి నురగ. దాని కింద బూడిదరంగు జావ, మధ్యమధ్య కరగని తలలు. బకెట్టు ముంచి, ఎత్తి, పక్క క్యానులో చుక్క ఒలకకుండా పోస్తున్నాడు. పిన్ని క్యాన్లు అందిస్తూ రెండుసార్లు వీధిలోకి పోయి ఊపిరి పీల్చుకుని వచ్చింది. ఆయన ఒక్కసారీ తల ఎత్తలేదు.

“ఇది తీవ్రమేనంటారా?” అని అడిగాడు పీపాలోంచే, కుతూహలంగా.

పిన్ని జవాబు చెబుదామని నోరు తెరిచి, మాట మధ్యలో ఆపేసింది.

“సరే సరే, అర్థమైంది,” అన్నాడు సంతోషంగా.

గంటన్నరలో పీపా అడుగు కనిపించింది. క్యాన్లు బండికెక్కాయి. బండి కదిలింది. రైతు పగ్గాలు ఇన్‌స్పెక్టరు చేతికిచ్చి, తను బండికి యాభై అడుగుల ముందు, దారి చూపించే మిష మీద నడిచాడు. ఇన్‌స్పెక్టరు బండి పక్కనే నడుస్తూ, ఎదురైన ప్రతివాళ్ళనీ పలకరించాడు. ఎవరూ నిలబడి మాట్లాడలేదు. పొలంలో గాడి అడుగున ఎండుటాకులు పరిచారు. వాటి మీద రంపపు పొట్టు, దాని మీద ఈ జావ, దాని మీద ఎండు నాచు, మళ్ళీ పొట్టు, ఆపైన జానెడు మందం మట్టి. పిన్ని మట్టిని కాలితో తొక్కి, ఆగి, వాసన చూసింది. మట్టివాసన తప్ప ఏమీ రాలేదు. ఆరునెలలకి ఇక్కడ గుమ్మడి వేస్తానన్నాడు రైతు, ఈసారి దగ్గరికి వచ్చి.

ఇల్లు చేరేసరికి పన్నెండు దాటింది. ఆడపడుచు అప్పటికి ఖాళీ పీపాని బూడిదతో రుద్ది, సబ్బుతో కడిగి, ఎండలో బోర్లించింది. వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. ఇన్‌స్పెక్టరు కాళ్ళూ చేతులూ కడుక్కుని కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచాడు.

“ఇప్పుడు రిపోర్టు రాయాలి. మిగతా నాలుగు పీపాల సంగతి కూడా తేల్చి రాయాలి. ఎవరు చూస్తారు వాసన?”

“నేను చూస్తా,” అంది ఆడపడుచు.

“మీ సరుకు మీరే చూస్తే చెల్లదు.”

“వదిన మొహం చూసి...”

“ఆవిడ మొహం నాకొద్దు తల్లీ!” అని ఇన్‌స్పెక్టరు గోడ దగ్గరికి వెళ్ళాడు. “అమ్మాయిగారూ, ఒక్కసారి ఇలా రాగలరా?”

మాస్టారి కోడలు వచ్చింది. కళ్ళ కింద నలుపు, చేతిలో సగం కొరికిన రొట్టెముక్క. వెనకే మాస్టారు ఇస్త్రీ చొక్కాలో. “అమ్మాయికి ఒంట్లో బాగాలేదండీ,” అన్నాడు. “ఉన్న వాసనలూ లేని వాసనలూ అన్నీ వస్తున్నాయి.”

“ముందు ఇది వినండి మాస్టారూ,” అని ఇన్‌స్పెక్టరు రాసినంతవరకూ చదివాడు. “సోమవారం నేను రాసినది తప్పు. నాకు రెండేళ్ళుగా వాసన తెలియదు. ఆ రోజు అయిదో పీపాలో తీవ్రమైన దుర్వాసన ఉండెను. పక్కింటి కోడలు చెప్పినది నిజం. ఆమెకు తప్ప ఈ వీధిలో ఎవరికీ అంత కచ్చితంగా తెలియలేదు కాబట్టి, మిగతా పీపాలను ఆమె చేతనే పరీక్ష చేయిస్తున్నాను.”

పిన్ని తలెత్తి చూసింది. “అది కూడా రాశారా సారూ? మీ ఉద్యోగం?”

“ఏమో. ఫైళ్ళకి దారం కట్టమంటే కడతాను,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. భయపడినట్టే ఉన్నాడు గానీ, చదివింది కొట్టేయలేదు.

కోడలు మావగారి వైపు తిరిగింది. మాస్టారు కాగితం అడిగి తీసుకుని, సంతకం చూశాడు, తేదీ చూశాడు. చూసి, జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి పెట్టుకున్నాడు.

“ఎంత కంపు!” అన్నాడు. “సోమవారం నుంచీ భరిస్తున్నాం!”

“ఇప్పుడు లేదు మావయ్యా,” అంది కోడలు. “పొద్దుటే పోయింది.”

మాస్టారు రుమాలు కాస్త కిందికి దించి, ఎటు చూడాలో తెలియక బోర్లించిన పీపా వైపు చూశాడు. “నాకూ వచ్చిందమ్మా,” అన్నాడు గొంతు తగ్గించి. “బుధవారం కూడా వచ్చింది.”

కోడలు తల ఊపింది. చేతిలో రొట్టెముక్క ఆయన చేతికిచ్చి, మొదటి పీపా దగ్గరికి వెళ్ళింది. పిన్ని మూత తీసింది. కోడలు కళ్ళు మూసుకుని వంగింది. అందరూ ఆమె మొహం వైపే చూస్తున్నారు, ఇన్‌స్పెక్టరు తప్ప. అతను పెన్ను పట్టుకుని తల వంచుకుని వింటున్నాడు.

“పుల్లగా ఉంది. ఎక్కువ పండిన పండులాగా. అడుగున తీపి ఉంది.”

“మామూలు అని రాసుకోవచ్చుగా,” అన్నాడు మాస్టారు.

“చెప్పమ్మా, ఇంకా చెప్పు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు రాస్తూనే.

“రెండోది ఇంకా పులవలేదు. చేపే తెలుస్తోంది, కానీ కొత్త చేప. పడవ దించిన అరగంటకి ఉంటుందే, అలా. మూడోది...” ఆమె ఆగింది. మళ్ళీ పీల్చింది. “ఇందులో నాచు ఎక్కువ పడింది. వాన వెలిసిన తర్వాత తాళ్ళు, చెక్కలు తడిసి ఉంటాయి కదా రేవులో, ఆ వాసన. చలవగా ఉంది. దీని దగ్గర నేను రోజంతా కూర్చోగలను.”

ఇన్‌స్పెక్టరు పెన్ను ఆగింది. “తాళ్ళు తడిసిన వాసన,” అని తనలో తాను అనుకుని, ఆ మాటని నెమ్మదిగా, గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఫారంలో గడి చాలక అంచుల్లోకి, అంచులు చాలక వెనకవైపుకి పోయాడు. పిన్ని చెక్కమొద్దు మీద కూర్చుని వింటోంది. తన పీపాల గురించి ఇన్నేళ్ళలో ఎవరూ ఇన్ని మాటలు చెప్పలేదు.

నాలుగోది కూడా అయ్యాక ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచి కోడలి దగ్గరికి వచ్చాడు. “ఇంకేమైనా ఉందా అమ్మా? చుట్టుపక్కల ఇంకేదైనా వాసన? ఏదీ వదలొద్దు. ఉన్నదున్నట్టు చెప్పు.”

కోడలు ఒకడుగు వెనక్కి వేసింది. పైపెదవి లేచింది.

“ఉన్నదున్నట్టు చెప్పనా?”

“చెప్పు.”

“మీరు కాస్త దూరంగా నిలబడండి బాబాయ్.”

ఇన్‌స్పెక్టరు తన చొక్కా కేసి చూసుకున్నాడు. జేబు కింద నుంచి నడుందాకా పీపా అంచు ఆనిన చోట బూడిదరంగు మరక. ఆడపడుచు డాబా మెట్ల మీద కూలబడి నవ్వసాగింది. పిన్ని మొహం కూడా, ఇరవై ఏళ్ళ విద్య అంతా పక్కన పెట్టి, మొత్తానికి మొత్తం ముడతలు పడింది.

ఇన్‌స్పెక్టరు గేటుదాకా వెనక్కి నడిచాడు. అక్కడ నిలబడి, ఫైలు గోడ మీద ఆనించి, పెన్ను మళ్ళీ తీశాడు.

“ఎంత ఉంది?” అని అక్కణ్ణుంచే కేకేశాడు. “మామూలా, మధ్యస్థమా, తీవ్రమా?”